ఆడ మనుషులుండరా, బిడ్డా?

ఆఫ్రికా నుంచి తిరిగొచ్చిన మూడో రోజు ఇబ్రహీంపట్నం వెళ్లాను. మంచంలో అమ్మ పక్కన కూచుని ఫోన్లో ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూపించాను. ఏనుగులు, జిరాఫీలు, జీబ్రాలు, నెత్తి మీద మంచు పెట్టుకున్న కిలిమంజారో కొండ... మొత్తం నాలుగు వందల పైచిలుకు. అమ్మ కళ్లజోడు సర్దుకుంటూ ఓపికగా అన్నీ చూసింది. చివరికి ఒక్కటే మాట అడిగింది.

“గంత పెద్ద అడివి గదా, ఆడ మనుషులుండరా బిడ్డా?”

మా దిక్కు ‘ఆడ’ అంటే ‘అక్కడ’ అని. స్త్రీలు అని కూడా. అమ్మ ఏ అర్థంలో అడిగినా నా దగ్గర జవాబుండాలి. ఫోటోలన్నీ మళ్లీ మొదటి నుంచి వెతికాను. నేనూ, మా చెల్లెలి కూతురూ దిగినవి తప్ప ఒక్క మనిషి లేడు. మనుషులు లేక కాదు. బోలెడంత మంది ఉన్నారు. ఫోటోలోకి ఎవరూ రాకుండా నేనే జాగ్రత్త పడ్డాను. “కొంచెం జరగండి” అని సైగ కూడా చేశాను. ఆ సంగతి అమ్మ అడిగేదాకా నాకే తెలియలేదు.

ఈ ప్రయాణం ఎలా మొదలైందో చెప్పాలి. మా చెల్లెలి కూతురు నైరోబీలో ఉద్యోగం చేస్తోంది. 2022లో నేను స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాక “పెద్దమ్మా, ఇప్పుడైనా రా, నీకు ఏనుగుల్ని చూపిస్తాను” అని రోజూ ఫోన్. ముప్పై ఏళ్లు పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పాను. దేశం దాటింది లేదు. అసలు ఒంటరిగా హైదరాబాద్ దాటిందే తక్కువ. వెళ్తానని చెప్పగానే ఇంట్లో చిన్నపాటి పంచాయితీ జరిగింది. “యాభై ఆరేండ్లకు ఒక్కదానివే ఆఫ్రికానా? పులులున్నయో సింహాలున్నయో!” అని మా బాబాయి. “కాశీకి పోరాదు?” అని మా వదిన. ఎవరూ వద్దని గట్టిగా అనలేదు, వెళ్లమనీ అనలేదు. అమ్మ మాత్రం “పోనియ్యుండ్రి. దాని పైసలు, దాని కాళ్లు” అంది. అంతే, ఎవరూ మళ్లీ నోరెత్తలేదు.

మా అమ్మ మాటకి ఆ బరువు ఎక్కడినుంచి వచ్చిందో మా ఊళ్లో అందరికీ తెలుసు. నాయన 1981లో దుబాయి వెళ్లాడు. రెండేళ్లకోసారి వచ్చేవాడు, నెల రోజులుండి వెళ్లేవాడు. మిగతా రోజులన్నీ ఇంటిని మోసింది అమ్మ చుట్టిన బీడీలే. నాన్న పంపిన డబ్బు అప్పులకీ వడ్డీలకీ పోతే, మా పుస్తకాలు, ఫీజులు, పండగ బట్టలు బీడీల చాటలోంచి వచ్చేవి. నేను టీచర్నయ్యింది ఆ చాట వల్లనే. ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల... ఈ ఊళ్లలో ఏ వాకిట్లో చూసినా ఇదే కథ. మగవాళ్లు గల్ఫ్‌లో, ఆడవాళ్లు చాట ముందు.

వెళ్లేముందు హైదరాబాద్ నారాయణగూడలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, పచ్చ కార్డు పర్సులో భద్రంగా పెట్టుకుని, 2023 ఫిబ్రవరిలో విమానమెక్కాను. దుబాయిలో మారాలి. ఆ విమానాశ్రయంలో నాలుగ్గంటలు కూచున్నాను. మెరిసే దుకాణాల మధ్య మా వైపు పిల్లలు కొందరు ఫైళ్లు గుండెకి హత్తుకుని కూర్చున్నారు. పదిహేనేళ్లు నాన్న ఏ నేల మీద బతికాడో నేను మొదటిసారి చూసింది ఇలా, దారిలో ఆగినప్పుడు!

‘సఫారీ’ అంటే స్వాహిలీలో ప్రయాణం అని అర్థమట. జంతువుల్ని చూడ్డం అని కాదు. అరబ్బీ ‘సఫర్’ నుంచి వచ్చిన మాట. మనకి ఉర్దూలో ఉన్న సఫర్ అదే. నాన్న చేసిందీ సఫరే, నేను చేస్తున్నదీ సఫరే. కాకపోతే ఆయన అప్పు తీర్చడానికి వెళ్లాడు, నేను ఏనుగుల్ని చూడ్డానికి వెళ్తున్నాను. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమంతా అమ్మ కూర్చుని చుట్టింది.

నైరోబీలో మొదటి పొద్దున మా అమ్మాయి నన్ను కరూరా అడవిలో నడకకి తీసుకెళ్లింది. నగరం మధ్యలో అంత అడవి! వంగారి మాతాయి లేకపోతే ఇవాళ ఈ చెట్ల బదులు భవనాలుండేవి. 1977లో గ్రీన్‌బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టి పల్లెటూరి ఆడవాళ్లతో మొక్కలు నాటించిన మనిషి. 1999లో ఈ కరూరాలో మొక్క నాటబోతే ఆమె తల పగలగొట్టారు. 2004లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆమె నాకు పాఠ్యపుస్తకంలో పేరుగా తెలుసు. ఆ చెట్ల కింద ఆడపిల్లలు ఒంటరిగా, నిర్భయంగా పరుగెత్తడం చూశాక మనిషిగా తెలిసింది.

ఆ మర్నాడు అంబోసెలి బయల్దేరాం. నైరోబీకి దాదాపు 240 కిలోమీటర్ల దూరం. మా డ్రైవరు కంబా తెగవాడు, నెమ్మదస్తుడు. నన్ను “మామా” అని పిలుస్తుంటే నవ్వాగలేదు. స్వాహిలీలో మామా అంటే అమ్మ! మా బాబాయికి ఈ సంగతి చెప్పాలనుకున్నాను. దారిలో ఆగి తాగినదాన్ని వాళ్లూ ‘చాయ్’ అనే అంటారు. ప్రాణం లేచొచ్చింది.

పార్కు దగ్గరపడే కొద్దీ దారి పక్కన ఎండిన పశువుల కళేబరాలు కనిపించాయి. ఒకటి, రెండు, పది... లెక్కపెట్టడం మానేశాను. కెన్యాలో వరుసగా వానలు లేని కాలం అది. 2022 ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా ఆ దేశంలో 205 ఏనుగులు కరువుకి చనిపోయాయని అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. పశువే బతుకైన మాసాయిల మందలు ఎన్ని పోయాయో! అంబోసెలి అనే పేరే మాసాయి భాషలో ఉప్పు దుమ్ము అనే మాట నుంచి వచ్చిందట. ఆ దుమ్ములోంచి ప్లాస్టిక్ క్యాన్లు వీపుకి కట్టుకుని ఆడవాళ్లు వరసగా నడుస్తున్నారు. నీళ్ల కోసం. ఈ దృశ్యం నాకు కొత్త కాదు. కొత్త కాదు కాబట్టే కాబోలు ఫోటో తియ్యలేదు.

గేటు దగ్గర బండి ఆగగానే మాసాయి స్త్రీలు కిటికీల చుట్టూ చేరారు. చేతినిండా పూసల గాజులు, హారాలు. “మామా, మామా” అంటూ లోపలికి చేతులు పెడుతున్నారు. నేను “నో, నో” అంటూ అద్దం పైకెత్తేశాను. ఎక్కడ మోసపోతానో అన్న భయం. అప్పట్లో టికెట్ విదేశీయులకి మనిషికి రోజుకు 60 డాలర్లు ఉండేది. అంటే అప్పటి లెక్కన మన డబ్బుల్లో అయిదు వేలకి కాస్త తక్కువ. అమ్మ నెలంతా నడుం వంచి చుట్టినా అంత చేతికొచ్చిన నెల లేదు. ఆ అయిదు వేలూ నోరెత్తకుండా కట్టి, ఒక గాజు దగ్గర నాకు మోసం గుర్తొచ్చింది!

అద్దం ఎక్కుతుంటే ఒకామె వేళ్లు కనిపించాయి. చూపుడు వేలి కొస మీద దారం కోసిన గీతలు. నల్లబడి, మొద్దుబారిన చర్మం. నా కడుపులో ఏదో కదిలింది. ఆ వేళ్లు నాకు తెలుసు. రేకు ముక్క ఆకు మీద పెట్టి కత్తెరతో కోసి, తంబాకు పోసి చుట్టి, దారం బిగించి, కొస మడిచి... రోజుకి వెయ్యి సార్లు అదే పని చేసిన వేళ్లు మా ఇంట్లో ఉన్నాయి. అద్దం దింపాను. ఒక గాజు కొన్నాను. ఆమె చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, నా బొట్టు చూపించి ఏదో అని నవ్వింది. నేనూ నవ్వాను. గేటు తెరుచుకుంది. మేం లోపలికి. ఆమె బయట.

ఇక ఏనుగులు... ఏం చెప్పను! దూరంగా దుమ్ము లేస్తే డ్రైవరు బండి ఆపి ఇంజను కట్టేశాడు. ముందు ఒక పెద్ద ఆడ ఏనుగు. వెనక పది పన్నెండు, మధ్యలో పిల్లలు. ఎముకలు కనిపిస్తున్నాయి. ఒక పిల్ల తల్లి పొట్ట కింద దూరి పాలకోసం వెతుక్కుంటోంది. మా బండికి పదడుగుల దూరంలో రోడ్డు దాటాయి. పెద్దది ఆగి, తొండమెత్తి మమ్మల్ని వాసన చూసి, చెవులు విసిరి, అందరూ దాటేదాకా నిలబడింది. నేను ఊపిరి బిగబట్టాను. కళ్లలో నీళ్లు ఎందుకొచ్చాయో తెలియదు.

“ఈ ముసలమ్మే వీటికి పెద్ద. నీళ్లెక్కడున్నాయో దానికి తెలుసు” అన్నాడు డ్రైవరు. కిలిమంజారో మీద పడ్డ నీరు భూమి లోపలినుంచి పారి ఇక్కడ చిత్తడి నేలలుగా పైకి ఉబుకుతుంది. అంత కరువులోనూ అక్కడ మాత్రం పచ్చగా ఉంది. మంద అటే వెళ్తోంది. 1972 నుంచి సింథియా మాస్ అనే ఆమె ఈ ఏనుగుల కుటుంబాలను ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి, వంశవృక్షాలతో సహా రాస్తూ వచ్చింది. పెద్దావిడ నడిపించే కుటుంబాలు, కలిసి పిల్లల్ని సాకే పిన్నులూ అక్కలూ... ఇదంతా లోకానికి చెప్పినవాళ్లలో ఆమె ముఖ్యురాలు. టాంజానియాలో తరంగిరే పార్కులో 1993లో కరువొచ్చినప్పుడు, వయసు మళ్లిన పెద్దలున్న కుటుంబాలు పార్కు వదిలి వేరేచోటికి వెళ్లి పిల్లల్ని ఎక్కువగా బతికించుకున్నాయని పరిశోధకులు రాశారు. ముప్పై ఏళ్ల కిందటి కరువు వాటికి గుర్తుండి ఉంటుందని వాళ్ల అంచనా. ముసలి ఆడదాని జ్ఞాపకమే ఆ కుటుంబానికి బావి.

మగ ఏనుగులు పద్నాలుగేళ్లు వచ్చేసరికి మంద విడిచి వెళ్లిపోతాయని చదివినప్పుడు, అచ్చం మా ఊరిలాగే ఉందే అనుకున్నాను. మగవాళ్లంతా దూరాన, ఇల్లంతా ఆడవాళ్ల మీద! కానీ ఆ పోలిక ఎంతోసేపు నిలవలేదు. మగ ఏనుగు వెళ్లడం దాని స్వభావం. మా నాన్న వెళ్లింది అప్పు వల్ల. ఆడ ఏనుగుకి ఆ పెద్దరికం వయసుతో వస్తుంది. మా అమ్మకి అది గత్యంతరం లేక వచ్చింది, నాన్న సెలవుల మీద వచ్చిన ప్రతిసారీ ఆ నెల రోజులకు తిరిగి అప్పగించాల్సి వచ్చేది కూడా. అడవిని చూసి ‘ప్రకృతిలోనే ఉంది’ అని మురిసిపోతే మన ఇళ్లల్లో జరిగినదాన్ని కూడా ప్రకృతి ఖాతాలోనే వేసేస్తాం. ఆ సుఖం నాకొద్దు.

మధ్యాహ్నం పార్కు బయట ఒక మాసాయి గూడెం చూడ్డానికి తీసుకెళ్లారు. మగవాళ్లు ఇంగ్లీషులో స్వాగతం చెప్పి, డబ్బు లెక్కపెట్టుకుని, ఎగిరి చూపించారు. ఆడవాళ్లు పాడారు, పూసలు పరిచారు. ఆ ఇళ్లు... పుల్లలు అల్లి, పేడా మట్టీ మెత్తి కట్టినవి... అన్నీ కట్టేది ఆడవాళ్లే. ఇల్లు కట్టేదామె, డబ్బు ఎంచేది ఆయన. అయ్యో, ఇంత దూరం వచ్చి మళ్లీ మా వాడకే వచ్చానా అనిపించింది.

ఆ రాత్రి మా అమ్మాయి ఒక సంగతి చెప్పింది. ఈ అంబోసెలిలోనే చేసిన పరిశోధన, 2014లో అచ్చయింది. మనుషుల గొంతులు రికార్డు చేసి ఏనుగులకి వినిపించారు. మాసాయి మగవాళ్ల గొంతు వినగానే ఏనుగులు బెదిరి ఒక్కచోట గుమిగూడాయట. ఎందుకంటే బల్లేలు పట్టేది వాళ్లు. కంబా మగవాళ్ల గొంతుకి అంత భయపడలేదు. మాసాయి ఆడవాళ్ల, పిల్లల గొంతుకీ అంత భయపడలేదు. అంటే ఏ భాష మాట్లాడుతున్నారో, ఆడో మగో కూడా ఏనుగుకి తెలుస్తుందన్నమాట!

నాకు నిద్ర పట్టలేదు. ఆడవాళ్ల గొంతుతో ఏనుగుకి పేచీ లేదు. మరి వాళ్లని గేటు బయట నిలబెట్టిందెవరు? 1974లో అంబోసెలి జాతీయ పార్కు అయింది, 392 చదరపు కిలోమీటర్లు. కరువుకాలంలో మాసాయిలు మందల్ని తోలుకొచ్చే నీళ్లన్నీ అందులోనే ఉన్నాయి. కోపంతో వాళ్లు జంతువుల్ని బల్లేలతో పొడిచి చంపిన రోజులూ ఉన్నాయి. అంతకుముందే, 1959లో టాంజానియా వైపు సెరెంగేటి నుంచి మాసాయిలను పంపించేశారు. మనుషులూ జంతువులూ కలిసి బతికిన నేలని ముందు ఖాళీ చేయించి, ఆ తర్వాత ‘మనిషి అడుగు పెట్టని ప్రకృతి’ అని మనకి టికెట్ అమ్ముతారు. ఆ టికెట్‌ డబ్బుతోనే ఏనుగులు బతుకుతున్న మాటా నిజమే. తుపాకీ పట్టిన దొంగల నుంచి వాటిని కాపాడటానికి మనుషులు కావాలి, జీతాలు కావాలి. 2019లో ఇక్కడే మాసాయి అమ్మాయిలు ఎనిమిది మందితో ‘టీమ్ లయనెస్’ అని ఒక రేంజర్ల దళం ఏర్పడింది. చెట్టు కింద పూసలు గుచ్చుకోవాల్సిన వాళ్లు యూనిఫాం వేసుకుని అడవి కాస్తున్నారు. నాకది ఎంత సంతోషమో చెప్పలేను. కానీ ఎనిమిది మందికి గేటు తెరుచుకుంటే మిగతా వాళ్లు ఇంకా కిటికీ దగ్గరే ఉన్నారు.

ఇదంతా నేను అమ్మకి చెప్పలేకపోయాను. గాజు మాత్రం ఇచ్చాను. అమ్మ దాన్ని పెట్టుకోలేదు. తిప్పి వెనక ముడి చూసింది. “మంచిగ ఏసింది ముడి. చెయ్యి తిరిగినామె” అంది. తర్వాత ఎక్కడో చూస్తూ చెప్పింది. “తునికాకు కట్టలొచ్చేటియి సూడు, గా ముడి చూస్తెనే నాకు ఎరుకయ్యేది, గిది పెద్దమనిషి కట్టింది, గిది పిల్లల చెయ్యి అని. గా ఆకు తెంపినోళ్లను ఒక్కసారన్న చూడాలె అనుకునేదాన్ని.”

నేను నిర్ఘాంతపోయాను. మా చిన్నప్పుడు రాత్రుళ్లు నానబెట్టిన ఆకు వాసనే మా ఇంటి వాసన. రోజూ అడవి మా ఇంటికొచ్చేది. అది ఎక్కడినుంచి వచ్చిందో నేను ఎప్పుడూ అడగలేదు. మా ఊరి ఉత్తరాన గోదావరి, అది దాటితే నిర్మల్ వైపు అడవులు. అమ్మకి డెబ్భై ఆరేళ్లు. ఇన్ని వేల మైళ్లు నేను వెళ్లొచ్చాను గానీ, ఆ ఒక్క నది దాటించి అమ్మని ఎవరూ అడవికి తీసుకెళ్లలేదు. నేను కూడా.

ఆ మే నెలలో తీసుకెళ్లాను. తెల్లవారుజామున కారులో మెట్‌పల్లి నుంచి గోదారి దాటి, ఖానాపూర్, కడెం మీదుగా జన్నారం. కవ్వాల్ 2012లో టైగర్ రిజర్వ్ అయింది. అటవీ శాఖ సఫారీ బండి ఎక్కాం. చుక్కల జింకలు, ఒక మనుబోతు, ఎండిన టేకు చెట్లు. పులి కనిపించడం ఇక్కడ అరుదే. అమ్మ జింకల్ని చూసి ముచ్చటపడింది. కానీ ఆమె కళ్లు చెట్ల మీదే ఉన్నాయి. “గదే, గదే తునికి!” అని బండి ఆపించింది. దిగకూడదన్నారు. దిగలేదు. చెయ్యి చాచి ఒక లేత ఆకు ముట్టుకుంది. తెంపలేదు. “నానబెట్టకముందు గిట్లుంటదా!” అంది.

తిరిగొస్తుంటే ఊరి బయట చెట్టు కింద ఒక గోండు ముసలమ్మ బస్సు కోసం కూచుని ఉంది. అమ్మ కారు ఆపమని తలుపు తీసుకుని దిగి, వెళ్లి ఆమె పక్కన కూచుంది.

“చెల్లే, నువ్వు ఎప్పుడన్న ఆకు తెంపినవా?”

“ఎందుకు తెంపలే అక్కా! పొద్దుగూకి ఇంటికొచ్చి, దీపం పెట్టుకుని కట్టలు కట్టేటోళ్లం. ఇప్పుడు లోపలికి పోనిస్తలేరు.”

“నేను చుట్టినోళ్లల్ల ఉన్న” అంది అమ్మ.

అంతే. ఇక ఇద్దరూ ఆగలేదు. కట్టకి ఎన్ని ఆకులు, ఎవరు ఎన్ని తీసిపారేసేవాళ్లు, ఎవరి నడుం ఎప్పుడు పోయింది, ఎవరి పిల్లలు ఎక్కడ. కల్లంలో ఆకు బాగాలేదని ఆమె కట్టలు కొన్ని పక్కన పడేసేవాళ్లట. కార్ఖానాలో బీడీలు బాగాలేవని అమ్మవి కొన్ని పడేసేవాళ్లు. ఇద్దరూ ఆ మాటకి పగలబడి నవ్వారు. కడెం వైపు కోర్ ఏరియాలోంచి రాంపూర్, మైసంపేట గూడేలను బయటికి పంపే సంగతి కూడా మధ్యలో వచ్చింది. అప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు. “పులికి జాగ కావాలె గద” అని ఊరుకుంది. ఆ మాటలో ఒప్పుకోలు ఉందో, ఎత్తిపొడుపు ఉందో నాకు తెలియలేదు.

బస్సు వచ్చింది. ఆమె లేచింది. అమ్మ ఆమె చెయ్యి వదలకుండా నా వైపు తిరిగింది.

“ఫోన్ తీయి బిడ్డా. ఇప్పుడు కొట్టు ఫోటో.”